పలక అవతలి కొన

కొత్తగా కోత మిషను పెట్టుకున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. బ్లేడుకి ఎన్ని పళ్ళుండాలి, మోటారు ఎన్ని హార్స్‌పవరుది కొనాలి, బెల్టు ఎన్నాళ్ళకోసారి మార్చాలి అని అడుగుతారు. తెలిసినంత చెప్తాను. అంతా అయ్యాక నేనొకటి అడుగుతాను: "పన్నెండడుగుల పలక కోసినప్పుడు అవతలి కొన ఎవడు పడతాడురా?" కొందరు "అప్పటికి ఎవడో ఒకడు దొరుకుతాడు లెండి" అంటారు. ఆ ఎవడో ఒకడిని నమ్ముకున్నవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నా పేరు దానియేలు. పలాసలో కలప డిపోలో కొన్నేళ్ళు, మందస రోడ్డులో సొంత షెడ్డులో కొన్నేళ్ళు, మొత్తం ముప్ఫయ్యేళ్ళకి పైగా గుండ్రటి రంపం ముందు నిలబడ్డాను. గుమ్మాలు, మంచాలు, మా బాప్టిస్టు చర్చికి బెంచీలు, భావనపాడు పడవలకి పలకలు, ఇలా ఎన్నో కోశాను. ఎన్ని కోశానో నాకే తెలీదు. నాకు ఈ పని నేర్పినవాళ్ళు ఇద్దరు. ఒకాయన మా మేస్త్రి. రెండో మనిషి మా ఆవిడ.

కామయ్య మేస్త్రి

డిపోలో నన్ను చేర్చుకున్నది కామయ్య మేస్త్రి. ఆయన ఎడమచేతికి మూడు వేళ్ళే ఉండేవి. బీడీ ఆ మూడు వేళ్ళ మధ్యే పట్టుకునేవాడు. కోపం ముక్కు మీద ఉండేది. మనిషి మాత్రం బంగారం.

మొదటి ఏడాది నన్ను బ్లేడు ముందుకి రానివ్వలేదు. మిషను వెనక నిలబెట్టి, కోసిన పలక వస్తుంటే అందుకోమనేవాడు. నాకది చిన్నతనంగా ఉండేది. తొందరగా పని అయిపోవాలని ఒకసారి పలక కొన పట్టుకుని నావైపుకి లాగాను. పలక, అంచు ఆనించే గైడుని వదిలి పక్కకి తిరిగింది, బ్లేడు కీచుమంది. మేస్త్రి మోటారు ఆపేసి, చుట్టూ తిరిగి వచ్చి, వీపు మీద ఒక్కటిచ్చాడు.

"ఒరే, ఊతమియ్యమన్నాను గాని ఊపియ్యమన్నానేటి? తొయ్యడం నా పని. నువ్వు బరువు మొయ్యి, అంతే."

ఊతమియ్యి, ఊపియ్యకు. ఈ పనిలో నేను విన్న మాటలన్నింటిలోకీ పనికొచ్చిన మాట ఇదే. ఆయన రెండు వేళ్ళు పోయింది కూడా ఇలాగేనని తరవాత చెప్పాడు. ఆ రోజు మనిషి దొరక్క, డిపోకి తలుపు చెక్కలు బేరం చెయ్యడానికి వచ్చిన చుట్టాన్ని కాస్త పట్టమన్నాడట. ఆ చుట్టం సాయం చేస్తున్నాననుకుని గట్టిగా లాగాడు. పలకతో పాటు మేస్త్రి చెయ్యి కూడా బ్లేడు మీదికి పోయింది.

"ఆడు మంచోడే. తెలీదు, అంతే," అన్నాడు. ఆ చుట్టాన్ని ఒక్క మాట కూడా అనలేదట. అది మాత్రం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నేనైతే అనకుండా ఉండేవాణ్ణి కాదు.

ఎందుకింత గొడవ అంటే, పొడుగు పలక సంగతి ఇది. సగం పొడుగు మిషను బల్ల దాటేదాకా అది బుద్ధిగానే ఉంటుంది. సగం దాటాక బరువు అవతలికి పోతుంది. తల వాలుతుంది, తోక లేస్తుంది. తోక మన చేతిలో ఉంటుంది. లేచినదాన్ని ఎవడైనా కిందికే నొక్కుతాడు. ఆ నొక్కే చెయ్యి బ్లేడుకి జానెడు దూరంలో ఉంటుంది. పలక మెలి తిరిగిందా, కోత ముడుచుకుని బ్లేడుని పట్టేస్తుంది. అప్పుడు బ్లేడు ఊరుకోదు. పలకని తెచ్చి మన కడుపు మీదికి విసురుతుంది.

సుగుణ

తొంభైల చివర్లో సొంత షెడ్డు వేసుకున్నాను. అప్పటికే మా ఊరి కుర్రాళ్ళు హైదరాబాదు, చెన్నై పనులకి పోతున్నారు. ఉన్నవాళ్ళు జీడి ఫ్యాక్టరీలకి పోతున్నారు. నిలకడగా మనిషి దొరికేవాడు కాదు. మాకు పిల్లలు లేరు. మా ఆవిడ సుగుణ జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. ఆ పిక్కల నూనెకి ఆమె వేళ్ళ కొసలు కాలి, చర్మం ఊడి, మళ్ళీ కాలి, చివరికి చెప్పుతోలులా గట్టిపడిపోయాయి. పుల్ల గుచ్చుకున్నా తెలిసేది కాదు. ఒకరోజు ఆ పని మానేసి షెడ్డులోకి వచ్చి నిలబడింది.

"అవతలి కొన నాను పడతాను మావా. సెప్పు, ఏటి సెయ్యాల?"

మేస్త్రి మాట చెప్పాను. ఊతమియ్యి, ఊపియ్యకు. ఆమె నవ్వింది.

"ఓస్, ఇంతేనా! నీకు అన్నం ఎట్టినట్టే. ఎట్టాల గాని తినిపించకూడదు."

ఎనిమిదేళ్ళు ఆమే పట్టింది ఆ కొన. తుపాను వచ్చి ఉద్దానం తోటలన్నీ పడుకున్న ఏడు, కూలిన పనస మానులు బండ్ల మీద మా షెడ్డుకి వరస కట్టాయి. ఆ మూడు నెలలూ పొద్దున్న మొదలుపెడితే చీకటి పడేదాకా కోత. ఆమె పలకతో పాటు అడుగు అడుగు వెనక్కి నడుస్తూ, చివర్లో తోక బ్లేడు దాటగానే పక్కకి తిప్పి దొంతరలో పెట్టేది. నేను తలెత్తి చూసే అవసరమే ఉండేది కాదు. "పెళ్ళాం చేత మిషను పని చేయిస్తున్నాడు" అని వెనక అన్నవాళ్ళున్నారు. నా చెవిన పడితే నవ్వేసి ఊరుకునేవాణ్ణి. కానీ షెడ్డు బోర్డు మీద నా పేరొక్కటే రాయించుకున్నాను. నేను చేసిన తప్పుల్లో అదొకటి. పలకకి రెండు కొనలుంటాయని తెలిసినవాణ్ణే, బోర్డుకీ ఉంటాయని నాకు తోచలేదు.

బస్తాలు

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఇంటికొకరున్న వీధులున్నాయి. సుగుణకి కాళ్ళు వాచాయి. రోజంతా నిలబడటం వల్లేమో అనుకున్నాం. తీరా చూపించుకునేసరికి మందుల దశ దాటిపోయింది. వారానికి రెండుసార్లు విశాఖపట్నం వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకోవాలన్నారు. దానికోసం ఎడమ మణికట్టు దగ్గర చిన్న ఆపరేషను చేసి రక్తనాళాలు కలిపారు.

"ఈ చేత్తో బరువు ఎత్తకూడదమ్మా. చెయ్యి మీద ఒత్తిడి పడకూడదు. ఆ వైపు గాజులు కూడా వద్దు," అన్నాడు డాక్టరు. నీళ్ళ బిందె మనసులో పెట్టుకుని చెప్పి ఉంటాడాయన. మాకిద్దరికీ పలకే గుర్తొచ్చింది. తిరుగు రైలు శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటింది. దాటాక ఆమే అంది: "కుడి సెయ్యి ఉంది కదా మావా."

"వద్దు," అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే ఎదుటి సీట్లో ఆయన పేపరు దించి చూశాడు.

ఆ రోజు నుంచి నేను ఒంటరిగాణ్ణి. నాకు భయం మొదలైంది కూడా అప్పుడే. అంతకుముందు వేలు తెగితే నా వేలే కదా అనుకునేవాణ్ణి. ఇప్పుడు నా చెయ్యి పోతే ఆమెని రైలెక్కించేదెవరు? పని లేకపోతే వైద్యం లేదు. పనికి రెండు చేతులూ కావాలి. నా చేతులు నావి కావు, ఆమెవి. ఇది మనసులో మేకులా దిగింది.

అయినా బుద్ధి తక్కువ పని ఒకటి చేశాను. మా పలాసలో దేనికి ఎత్తు కావాలన్నా జీడి పిక్కల బస్తాయే దిక్కు. మంచం కోడు విరిగితే బస్తా, తలుపు పడకుండా బస్తా, పెళ్ళిలో మైకువాడు కూర్చోడానికి బస్తా. మిషను వెనక నాలుగు బస్తాలు దొంతర పెట్టి, తాడుతో కొలిచి, బల్లకి సరిసమానంగా ఎత్తు కుదిర్చాను. గట్టిగా ఉంటాయి, కదలవు, ఇంకేం కావాలి అనుకున్నాను.

చర్చి బెంచీలకని పన్నెండడుగుల పనస పలక పెట్టాను. సగం దాటింది. తల వాలి గోనె మీద ఆనింది. ఆని అక్కడే ఆగిపోయింది. గరుకు గోనె పలక అంచుని కరుచుకుందన్నమాట. ఇవతల నేను, ఎందుకు కదలదో తెలీక, ఇంకాస్త బలంగా తోశాను. పై బస్తా జారింది. పలక తల ఒక్కసారిగా పడి, మొత్తం మెలి తిరిగి, బ్లేడు పట్టేసి, పలక వెనక్కి వచ్చి నా తొడ మీద తన్నింది. నా కుడిచెయ్యి బల్ల మీద జారి బ్లేడుకి రెండు వేళ్ళ దూరంలో ఆగింది. బ్లేడు గాలి చర్మానికి తగిలింది.

తలెత్తి చూస్తే సుగుణ. ఆ చప్పుడుకి ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చి, బల్ల మీంచి ఇంకా జారిపోతున్న పలక కింద రెండు చేతులూ చాపి నిలబడి ఉంది. ఎడమచెయ్యి కూడా.

పలక తన్నినప్పుడు కూడా నాకంత భయం వెయ్యలేదు. మోటారు ఆపి ఆమె మీద అరిచాను. ఎప్పుడూ అరవనంతగా అరిచాను. ఆమె చెక్కల దొంతర మీద కూర్చుని ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని అంది:

"నా పని బస్తాకి ఇచ్చీసినావు. ఇచ్చీడం సరే. నాకు నేర్పినట్టు దానికి నేర్పినావేటి?"

ఆమె చూసిన వైపు

మర్నాడు కాళ్ళకి నొప్పి ఉన్నా షెడ్డులోకి వచ్చి కుర్చీ వేయించుకుంది, మిషను వెనక వైపు.

"మావా, నువ్వు ఎప్పుడన్నా ఈ పక్క నిలబడి సూసినావా?"

కామయ్య మేస్త్రి దగ్గర చూశాను. కానీ అది కుర్రతనం, పైగా విసుగు. సొంత షెడ్డు పెట్టాక ఒక్కసారి కూడా చూడలేదు.

"నీకు తెలిసింది పలక తోక. తల సంగతి నాకు తెలుసు," అంది. "అది తిన్నగా రాదు. బల్ల దాటగానే పురిటిగుడ్డు మెడలాగ వాల్తాది. వాలినాక పట్టుకుంటే లాభం లేదు. వాలకముందే కింద అరసెయ్యి ఉండాల."

"ఎంత ఎత్తులో?"

"బల్ల కన్నా దారమంత కిందికి. పైకుంటే గుద్దుకుంటాది. నీ బస్తా బల్లకి సమానం. తల కొంచెం వాల్తే సాలు, దాని పొట్టలో గుచ్చీసుకుంటాది."

"మరి నువ్వు గట్టిగా పట్టుకునేదానివా?"

"పట్టుకోడమేటి? నా సేతుల మీద జారీదది. అది ఎంత ముందుకొత్తే నాను అంత ఎనక్కి నడిసేదాన్ని. తిన్నగా. ఒక్క అడుగు పక్కకేసినా నీ పలక వంకరపోయీది. నువ్వేమో గైడు బాగులేదనీవోడివి."

ఎన్నిసార్లు గైడు విప్పి బిగించానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆమె లేచి, షెడ్డు మట్టినేల మీద రెండు చోట్ల కాలి మడమతో చూపించింది. ఒకటి బల్ల అంచు నుంచి రెండు మూరల్లో, ఒకటి బాగా వెనక్కి. మొదటిది తను చెయ్యి అందించే చోటు. రెండోది పలక పూర్తయ్యేసరికి తను నిలబడే చోటు. రెండు చోట్లా నేల కొంచెం గుంటపడి ఉంది. ఎనిమిదేళ్ళు ఆ షెడ్డులోనే తిరిగాను, ఆ గుంటలు నా కంటపడలేదు.

ఆ రెండు చోట్లా స్టాండులు నిలబెట్టాను. కింద వెడల్పాటి కాళ్ళు, పైన పాత బోరింగు పైపు ముక్క, దాని రెండు కొసల్లో సైకిలు బేరింగులు. వేలితో తాకితే తిరిగేది. ఎత్తు బల్ల కన్నా దారమంత తక్కువ. మొదటి రోజు పలక నెమ్మదిగా ఎడమకి పోయింది. సుగుణ కుర్చీలోంచే చెప్పింది: "నీ పైపు పక్కకి నడుత్తంది మావా." నిజమే, పైపు బ్లేడుకి అడ్డంగా సరిగ్గా లేదు, వెంట్రుకంత ఏటవాలుగా ఉంది. మూలమట్టం పెట్టి సరిచేశాక పలక గైడుని వదల్లేదు. చర్చి బెంచీలు పదహారూ అలాగే కోశాను. ఒక్కో పలక దాటుతుంటే కుర్చీలో ఆమె అరచేతులు ఒళ్ళో వెల్లకిలా ఉండేవి. ఆమెకి తెలిసేది కాదు.

ఒంటరిగా కోసేవాళ్ళు ఇంకొన్ని తెలుసుకోవాలి. మిషను వెనక ఊత పెట్టుకున్నవాళ్ళు కూడా తోసే వైపు ఊత మరిచిపోతారు. పలక తోక మన వెనక వేలాడుతుంటే మొదటి అడుగులోనే తల లేస్తుంది, కాబట్టి ఇవతల కూడా ఒక స్టాండు ఉండాలి. మోటారు వెయ్యకముందు ఉత్త పలకని ఒకసారి స్టాండుల మీద జార్చి చూసుకోండి, ఎక్కడ తగులుకుంటుందో అప్పుడే తెలిసిపోతుంది. పలక పొడుగ్గా ఉండాల్సిన అవసరం లేకపోతే ముందే చేతిరంపంతో రెండు ముక్కలు చెయ్యండి, అందులో నామోషీ లేదు. బ్లేడుకి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి నిలబడండి. చివరి జానెడు చేత్తో తొయ్యకండి, తోపుడు కర్ర వాడండి. మధ్యలో ఏదైనా తేడా అనిపిస్తే పలకని వెనక్కి లాగకండి, మోటారు ఆపి, బ్లేడు పూర్తిగా నిలిచేదాకా పలకని అలాగే పట్టుకుని ఉండండి. అవతలి కొన కోసం బ్లేడు మీంచి ఎప్పుడూ వంగకండి. దారినపోయేవాణ్ణి పిలిచి పట్టమనకండి. తెలియని చేతికన్నా తిరిగే పైపు నయం. ఇక పద్దెనిమిదడుగుల పడవ పలక తెచ్చి ఒంటరిగా కొయ్యమంటే కుదరదని చెప్పండి. నేను భావనపాడు వాళ్ళకి అలాగే చెప్పాను. మొదట కోప్పడ్డారు. తరవాత వాళ్ళలో ఇద్దరు నా దగ్గర రెండు రోజులు కూర్చుని మొయ్యడం నేర్చుకుని, పలక తెచ్చినప్పుడల్లా వాళ్ళే పట్టుకున్నారు.

పదేళ్ళు

ఆ ఆపరేషను చేసిన చోట చర్మం కింద ఎప్పుడూ సన్నగా గుయ్యిమంటూ ఉండాలట. రక్తం పారుతున్న గుర్తు. "రోజూ పొద్దున్నే వేలు పెట్టి చూసుకోండి. ఆగిపోతే ఆ రోజే రండి, మర్నాటికి పెట్టుకోవద్దు," అని పంపారు. సుగుణ వేళ్ళకి ఆ గుయ్యి తెలిసేది కాదు, జీడి నూనె ఆమె వేళ్ళలో ఏమీ మిగల్చలేదు. అందుకని ఆ పని నాది. లేవగానే నా చూపుడువేలు ఆమె మణికట్టు మీద ఆనించి కళ్ళు మూసుకునేవాణ్ణి. లోపల చిన్న మోటారు తిరుగుతున్నట్టు ఉండేది. "ఉందా?" అనేది. "ఉంది" అనేవాణ్ణి. అప్పుడు ఆమె ప్రార్థన చేసుకునేది, నేను పొయ్యి వెలిగించేవాణ్ణి.

ఒక గురువారం పొద్దున్న వేలు పెడితే ఏమీ లేదు. వేలు మార్చి చూశాను. నా రెండో చెయ్యి పెట్టి చూశాను. లేదు. "ఉందా?" అంది. "చెప్పులేసుకో, స్టేషనుకెళ్దాం," అన్నాను. షెడ్డు తాళం కూడా వెయ్యలేదు.

అదృష్టం, ఆ సాయంత్రానికి గడ్డకట్టిన రక్తం కరిగించి దారి తెరిచారు. డాక్టరు వేరే జిల్లా మనిషి, చిన్నవాడు, ఓపిక ఉన్నవాడు. కాగితం మీద రాసుకుంటూ అడిగాడు: "మంచి పని చేశారు, రేపటికైతే ఈ చెయ్యి పనికొచ్చేది కాదు. ఆగిందని ఎవరు కనిపెట్టారమ్మా?"

"మా మావ బాబూ," అంది సుగుణ, గర్వంగా. "ముప్పయ్యేళ్ళు రంపం మిషను మీద పన్జేసినాడు. అయినా పదేళ్ళూ ఉన్నాయి."

మా వైపు వేళ్ళని ఏళ్ళంటాం. డాక్టరు కలం ఆగిపోయింది. కాగితం వైపే చూస్తూ, చాలా మెల్లగా అన్నాడు: "అమ్మా, పదేళ్ళని నేను మాట ఇవ్వలేనమ్మా."

ఆయన ఏమనుకున్నాడో ముందు అర్థమైంది సుగుణకే. పకపకా నవ్వింది. ఆ ఆసుపత్రిలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. కుడిచేత్తో నా రెండు చేతులూ లాగి ఆయన బల్ల మీద పరిచింది.

"సంవచ్చరాలు కాదు బాబూ. ఇయ్యి. లెక్కెట్టుకో."

ఆయన నిజంగానే లెక్కపెట్టాడు, ఒక్కొక్కటి. పదీ ఉన్నాయి.

సుగుణ ఆ తరవాత రెండేళ్ళ ఎనిమిది నెలలు ఉంది.